ఈ పాప ఎవరి పాప

అక్టోబర్ 3, శుక్రవారం

రెడ్డెమ్మక్క ఈ రోజు మాలియాలో, కువైట్లో మా తెలుగువాళ్లం శుక్రవారాలు కలిసే చోట, మమ్మల్నందరినీ దులిపేసింది. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం లేని మనిషి. తను పనిచేసే సులైబియా తోట నుంచి రెండు బస్సులు మారి, ఎక్కడ చెకింగ్ ఉంటుందోనని తల తిప్పి తిప్పి చూసుకుంటూ వచ్చి — తెలుగు హోటల్ పక్క గోడకు ఆనుకుని, ఇప్పించిన టీ కూడా తాగకుండా తిట్టింది.

"మీ అత్తలకు, అమ్మలకు ఏం నేర్పించి పెట్టినారమ్మే మీరు?"

సంగతి ఇది. పల్లె వెనక కొండవార భూములన్నీ సర్కారు తీసుకుని సోలార్ ప్లేట్లు పరిచింది. మావీ పోయాయి, అక్క వాళ్లవీ పోయాయి. సర్కారు తన భూమికి తాను పన్ను కట్టుకోదు కదా — పంచాయితీకి వచ్చే ఆ కాస్త రాబడీ పోయింది, బడి పైకప్పు బాగుచేయించే దిక్కు లేదు. అందుకు బదులుగా ఢిల్లీ నుంచి బడికి డబ్బు ఇస్తారట. భూమి పోయిన ఇళ్ల పిల్లలు ఎంతమంది చదువుతుంటే అంత. పల్లెలో దాన్ని ప్లేట్ల డబ్బు అంటున్నారు. లెక్క రాసుకోవడానికి ఆఫీసరు ఇంటింటికీ తిరిగాడు. తిరిగితే, మనుషులు కువైట్లో ఉన్న ఇళ్ల ముసలమ్మలందరిదీ ఒకటే పాట — మాకేం తెల్దు సార్.

నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు మళ్లీ తిట్లు.

"నవ్వుతావేంది జయా? మీ అత్త నీ బిడ్డ స్వాతిని చూపించి ఏం చెప్పినాదో తెలుసునా? ఈ పాప మా పాప గాదు సార్, చుట్టాల బిడ్డ, నాలుగు దినాలు ఉండి పోయేదానికి వచ్చినాది అని చెప్పినాది."

"మరి మీ అమ్మేం చెప్పినాదక్కా?"

అక్క టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. "మా అమ్మ ఏమీ చెప్పలేదు. నా బిడ్డ కవితను గొడ్ల కొట్టంలోకి తోసి గడి పెట్టినాది."

ఇక అప్పుడు తనే ముందు నవ్వింది. టీ చల్లారిపోయింది. అలాగే తాగింది.

అక్టోబర్ 4, శనివారం

నేను పనిచేసే ఇంట్లో బాబా దివానియాకు వచ్చిన మగ అతిథులందరికీ వంట. గిన్నెలు కడిగీ కడిగీ చేతులు నావి కావు. ఈ రోజుకు ఇంతే.

అక్టోబర్ 7, మంగళవారం

అత్తతో మాట్లాడాను. కోపంగానే మొదలుపెట్టాను.

"ఏంటికత్తా అట్ల చెప్పినావు?"

"నువ్వే గదా చెప్పమన్నావు. ఎవురన్నా సారు వచ్చి అడిగితే మాకేం తెల్దు అనమని. నువ్వు చెప్పిందే చెప్పినా. ఒక మాట ఎక్కువ చెప్పలా, తక్కువ చెప్పలా."

నిజమే. నేను బయల్దేరే ముందు కూర్చోబెట్టి వల్లె వేయించాను. ఇంట్లో మనిషి కువైట్లో ఉందని తెలిస్తే బియ్యం కార్డు పోతుంది, అత్త పింఛను పోతుంది అని పల్లెలో అందరూ అంటారు. పోతుందో లేదో వెళ్లి అడిగిన వాళ్లు మాత్రం లేరు. అడిగితే తెలిసిపోతుంది కదా... అందుకని అడగలేదు. స్వాతికీ నేర్పాం. ఎక్కాల కన్నా ముందు అది వచ్చింది పిల్లకు.

ఇక్కడా అంతేగా మేం. చెకింగ్ వాళ్లు వస్తున్నారంటే చాలు, ఇఖామా చేతిలో ఉన్నవాళ్లం కూడా తలుపు చాటుకు పోతాం. రాసుకునే మనిషి కనబడితే దాక్కోవడమే తెలుసు. ఆ రాత వల్ల మేలు కూడా జరగొచ్చని ఎవరికి తోచింది.

"చుట్టాల బిడ్డ అంటాంటే స్వాతి ఏమన్నాదత్తా?"

"ఏమనలా. తల ఊపినాది."

పొద్దంతా అదే మనసులో మెదిలింది. అన్నంలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఇంటి యజమానురాలు మామా తిని, నన్ను చూసి, పెరుగు కలుపుకుంది.

అక్టోబర్ 10, శుక్రవారం

అక్క మళ్లీ వచ్చింది. వారం అంతా దోసకాయలు కోసిన చేతులు, గోళ్ల చుట్టూ పచ్చగా. తోటలో సిగ్నల్ అందదు. రోడ్డు దాకా నడిచి వచ్చి మా పల్లె బడి హెడ్ మేడంకు రోజూ ఫోన్ చేసిందట. మేడం ఆఫీసు చుట్టూ తిరిగిందట. చివరికి ఒప్పుకున్నారు — మళ్లీ లెక్క రాస్తారు. కానీ ఈసారి ముసలమ్మల మాట చెల్లదు. తల్లో తండ్రో చెప్పాలి. ఈ బిడ్డ నా బిడ్డ, మాది భూమి పోయిన ఇల్లు, నేను ఫలానా చోట ఉన్నాను అని. ఎదురుగా లేకపోతే వీడియోలో.

ఆ డబ్బు రాకపోతే ఏమవుతుందని అడిగింది మా ఊరి లక్షుమ్మ.

"వెనక గదులు రెండూ ఎప్పుడు పడతాయో తెల్దంట. డబ్బు రాకపోతే ఆరు నుంచి పై తరగతుల పిల్లోళ్లను హైవే అవతల బడికి పంపిస్తారంట."

ఆ రోడ్డు మాకందరికీ తెలుసు. రాయి లారీలు. స్వాతి ఇప్పుడు ఆరు, కవిత ఏడు. రోడ్డు దాటి పోవాల్సి వస్తే పాప బడి ఖలాస్ అని అత్త ఎప్పుడో తేల్చేసింది. ఒక్క మా అత్తే కాదు, ఆడపిల్ల ఉన్న ఏ ఇంట్లోనూ పంపరు. ఇంట్లోనే కూర్చోబెడతారు. ఆ తరువాత ఏం జరుగుతుందో మా వయసు వాళ్లను చూస్తే తెలుస్తుంది. నేను తొమ్మిది దాకా చదివాను, అదే పెద్ద చదువు మాలో.

స్వాతి వాళ్ల నాన్న కూడా తను పనిచేసే అహ్మది నుంచి వచ్చి ఉన్నాడు. అంతా విన్నాడు. "అంతా బాగుండాది గానీ అక్కా, కార్డు పోతే? మా అమ్మ పింఛను నిలిపేస్తే? వీడియోలో మేం కువైట్లో ఉండాం అని మనమే చెప్పి చిక్కుకునేదా?"

అక్క కోప్పడలేదు. ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది. "తమ్ముడా, కార్డు పోతాదో పోదో నాకు తెల్దు. పోదని చెప్పి నిన్ను మోసం చెయ్యను. నువ్వు కంపెనీ బస్సు తోల్తావు. ఆ రోడ్డు మింద లారీలు ఎట్ల పోతాయో మా అందరికన్నా నీకే బాగా తెలుసు. ఆ పక్క నుంచి ఈ పక్కకు స్వాతి ఒక్కతే దాటేది ఒకసారి కండ్లు మూసుకుని తలుచుకో. నేను చెప్పేది అంతే."

ఆయన బస్సు వేళైందని లేచాడు. మొహం మాత్రం గట్టిగానే ఉంది.

నాకు అక్కను చూస్తే అసూయ లాంటిది కలిగింది. నేనైతే అరిచేదాన్ని.

అక్టోబర్ 12, ఆదివారం

చలి ఇంకా రాలేదు. ఇంటి ముందు కార్లు కడిగే మనిషి కూడా నీడకు జరిగి జరిగి కడుగుతున్నాడు.

మాకు వీసా తెచ్చిన ఏజెంటు ఒకడు, ఫ్రీ అన్నాడు, మంచి ఇల్లన్నాడు. అక్కను కూడా అతనే పంపాడట. ఆమెకు దొరికిన ఇల్లు ఎలాంటిదో ఎప్పుడూ చెప్పదు. పారిపోయి వచ్చేసిన రోజు చెప్పులు కూడా లేవన్నది మాత్రం తెలుసు. అప్పటి నుంచి తోటలో. కవిత ఒకటో తరగతిలో చేరినప్పుడు చూసి వచ్చిందే ఆఖరు. మొగుడు లేడు. ఊరికి పోవాలంటే పట్టుబడాలి, పట్టుబడితే మళ్లీ రానివ్వరు, రాకపోతే పాపను ఎవరు చదివిస్తారు. ఇన్నేళ్లూ ఈ లెక్కలోనే తిరుగుతోంది. అయినా మమ్మల్ని నవ్విస్తుంది. నాకే ఇలా జరిగి ఉంటే నా ఏడుపు నేనుండే ఈ మిష్రిఫ్ అంతా వినబడేది.

అక్టోబర్ 15, బుధవారం

మామా పిల్లల్ని బడిలో దింపేటప్పుడు చిన్నదాని సంచి మోసుకుని నేనూ కార్లో వెళ్తాను. ఈ రోజు గేటు దగ్గర కాసేపు నిలబడ్డాను. ఎంత పొడుగు గోడ. లోపల నీడ పందిళ్లు, ఒక్కో తరగతికీ ఏసీ. పుస్తకాలు కూడా సర్కారే ఇస్తుందని మామా చెప్పింది. నేల కింద నుంచి నూనె తీసిన డబ్బు పిల్లల గదుల్లోకి వచ్చి చేరింది — బాగుంది, అలాగే కదా ఉండాలి. మా కొండవార భూమి మీద ఎండను కూడా అలాగే తీసుకుంటున్నారు. మా పిల్లలకూ ఒక గది రావాలి, అంతేగా అడుగుతున్నది.

తిరిగి వచ్చాక మామాను అడిగాను. లెక్క రాసే రోజు పొద్దున కొంచెం సేపు ఫోన్ మాట్లాడుకోవాలి, ఆఫీసరు అడుగుతాడు, స్వాతి నా కూతురని చెప్పాలి. నాకు వచ్చిన అరబీ, ఆమెకు వచ్చిన హిందీ కలిపి చాలాసేపు పట్టింది. అంతా విని —

"నీ కూతురిని నీ కూతురని చెప్పడానికి ఆఫీసరు ఎందుకు?"

అత్త చెప్పిన చుట్టాల బిడ్డ కథ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మాట్లాడుకో. ఆ రోజు గుడ్లు నేను వేసుకుంటాను" అంది. ఈమెకు గుడ్డు పగలగొట్టడం వచ్చునో రాదో.

అక్టోబర్ 17, శుక్రవారం

ఈ రోజును మరచిపోకూడదు. అందుకే ఓపిక లేకపోయినా రాస్తున్నాను.

అక్క ఈసారి ఆఫీసరు వేషం కట్టింది. హోటల్ వాళ్లు బయట పడేసిన కూరగాయల పెట్టె బోర్లించి దాని మీద కూర్చుంది. లక్షుమ్మ కళ్లద్దాలు తీసుకుని ముక్కు మీద పెట్టుకుంది. మమ్మల్ని ఒక్కొక్కరినే పిలిచింది. బడి పరీక్ష కన్నా కష్టంగా ఉంది.

"చెప్పమ్మా. ఈ పాప ఎవురి పాప?"

మొదట లక్షుమ్మ. ఆమెకు నోరెక్కువ, ఎక్కడా తగ్గదు. నిలబడి, గొంతు సవరించుకుని, "మాకేం తెల్..." అంది. అలవాటు కొద్దీ అదే వచ్చేసింది. అందరం కడుపులు పట్టుకున్నాం. ఆ తరువాత వెంకటమ్మ. కొడుకు పేరు చెప్పి, ఊరి పేరు చెప్పి, "మీరు యాడుండారు" అనేసరికి తల దించుకుని "ఈడే... దగ్గర్లోనే సార్" అంది. కువైట్ నడిబొడ్డున నిలబడి.

నా వంతు. నేను బాగా చెబుతాననుకున్నాను. గొణిగాను.

"వినపళ్లేదమ్మా."

"నా పాపే సార్."

"ఇంకా గట్టిగా. దొంగసొత్తు గురించి చెప్పినట్ల చెప్తావేంది. కడుపున కన్న బిడ్డను మాది అని చెప్పేదానికి గొణిగేది ఏంటికి?"

అక్క నవ్వుతూనే అంది. మా అందరికీ మాత్రం నవ్వు ఆగిపోయింది. వెంకటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ మొదటి నుంచి చెప్పించింది అక్క. గొంతు వణకకుండా చెప్పేదాకా ఎవరినీ వదల్లేదు. అబద్ధం ఇంత తేలిగ్గా నేర్చుకున్న వాళ్లం, నిజం చెప్పడానికి ఒక మధ్యాహ్నం అంతా పట్టింది.

పోయేటప్పుడు అడిగాను. "నీకు భయం లేదా అక్కా? మేమంటే ఇఖామా ఉండేవాళ్లం."

"భయం లేకపోతే రెండు బస్సులు మారి చుట్టూ తిరిగి ఏంటికి వస్తాను? ఒకటే బస్సులో ఆ చెకింగ్ దారిలోనే వచ్చుందును గదా" అంది. అంటూనే బస్సు ఎక్కి, అద్దంలోంచి ఆఫీసరులా వేలు ఊపింది.

ఎంత గొప్ప మనిషి. ఆమె ముందు అంటే కొడుతుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. వంటగది కిటికీలో చిన్న దీపం పెట్టాను. చిన్నది వచ్చి హ్యాపీ బర్త్‌డే అని ఊదేసింది. మళ్లీ వెలిగించాను.

అక్టోబర్ 23, గురువారం

ఆయన ఫోన్. మంగళవారం లెక్క రాస్తారని అత్త చెప్పిందట.

"నువ్వు ఫోన్ ఎత్తొద్దు. లక్షుమ్మ వాళ్లు చెప్తారు గదా, ఆ పిల్లోళ్లతో బడి నిలబడతాది. మన స్వాతి కూడా ఆ గదిలోనే కూచుంటాది."

"అందరూ అట్లే అనుకుంటే?"

"అందరూ అనుకోరు."

"మొదటి తూరి అందరూ అనుకున్నారు గదా."

పెట్టేశాడు. చెడ్డవాడు కాదు. వాళ్లమ్మ తిండి గురించే ఆయన భయమంతా. ఆ బియ్యం మీదే ఆమె ఉంది, ఆ పింఛనుతోనే బీపీ మాత్రలు. మేం పంపేది, ఫ్రీ అని చెప్పి ఏజెంటు మా మీద వేసిన అప్పుకే సరిపోతోంది. ఆయన మాటలో తప్పు వెతికితే దొరకట్లేదు. అక్క మాటలోనూ దొరకట్లేదు. ఇద్దరి మధ్యా నన్ను కూర్చోబెట్టి పోయారు.

అక్టోబర్ 25, శనివారం

ఎత్తాలా. వద్దా.

స్వాతి ఫోటో పంపింది. బడి వరండాలో, వెనక గోడకు బీట. పిల్ల నవ్వు చూడాలా, బీట చూడాలా...

అక్టోబర్ 28, మంగళవారం

సరిగ్గా రాస్తాను.

పొద్దున పిల్లలు బడికి వెళ్లారు. మామా నిజంగానే పెనం దగ్గర నిలబడింది. ఫోన్ మోగింది. ఎత్తనా వద్దా అని ఆలోచించడానికి కూడా తోచలేదు, చెయ్యి దానంతట అదే పోయింది. ముందు హెడ్ మేడం మొహం, ఆ తరువాత ఆఫీసరు. చిన్న వయసే. అలసిపోయి ఉన్నాడు. బడి ముందు బల్ల, పక్కన అత్త, అత్త కొంగు పట్టుకుని స్వాతి. రెండు జడలు బిగించి వేశారు.

ఆఫీసరు ముందు నన్ను అడగలేదు. స్వాతిని అడిగాడు.

"ఫోన్లో ఉండేది ఎవరు పాపా?"

స్వాతి నా వైపు చూసింది. చూస్తూనే ఉంది. పెదవి కదిలింది, మాట రాలేదు. ఆ చూపు నాకు అర్థమైంది — చెప్పనా అని అడుగుతోంది. ఇన్నాళ్లూ ఎవరు అడిగినా తెలీదు అనమని నేర్పింది నేనే కదా. పిల్ల నా మాట తప్పకూడదని నిలబడి ఉంది. అందరి ముందూ, కన్నతల్లి మొహం ఎదురుగా పెట్టుకుని.

"చెప్పు స్వాతీ" అన్నాను. "చెప్పమ్మా. ఏం కాదు."

"మా అమ్మ." అంతే అంది. ఆ తరువాత ఇంకొంచెం గట్టిగా, "మా అమ్మ సార్, కువైట్లో ఉండాది."

ఆఫీసరు నన్ను అడిగాడు. ఈ పాప ఎవరి పాప అని అడగనే అడిగాడు, అక్క అడిగినట్టే. నా గొంతు వినబడిందో లేదో కూడా తెలీదు. చెప్పాను. భూమి సంగతి, స్వాతి వాళ్ల నాన్న పేరు, నేను ఉండే చోటు, అన్నీ. రాసుకున్నాడు. అత్త మధ్యలో దూరి, "నా మనవరాలే సార్, ఆ దినం నాకు కండ్లు సరిగా కనపడలా" అంది. మేడం నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది.

పెట్టేశాక చూస్తే వంటగది అంతా పొగ. గుడ్లు మాడిపోయాయి. మామా గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. "ఖలాస్?" అంది. ఖలాస్ మామా అన్నాను. కళ్లు తుడుచుకోమని టిష్యూ డబ్బా ఇచ్చి, మళ్లీ గుడ్లు తీసింది.

ఆయనకు ఇంకా చెప్పలేదు.

అక్టోబర్ 29, బుధవారం

లక్షుమ్మ చెప్పిందట. వెంకటమ్మ చెప్పిందట. అందరూ చెప్పారు. రెడ్డెమ్మక్క కూడా మాట్లాడిందనీ, కవిత పేరు రాశారనీ మేడం మెసేజ్ పెట్టింది. కానీ అక్క మాట చివర్లో కట్ అయిందట. సిగ్నల్ అనుకున్నారు.

అక్క ఫోన్ స్విచ్ఛాఫ్. తోటలో చార్జింగ్ ఉండదు, అంతేలే.

అక్టోబర్ 31, శుక్రవారం

మాలియాలో అక్క రాలేదు. ఆ గోడ దగ్గరే నిలబడ్డాం. సాయంత్రం తోటలో పనిచేసే జగిత్యాల తమ్ముడు ఒకతను మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు.

"మీరేనా రెడ్డెమ్మక్కోళ్ల ఊరోళ్లు? మంగళారం పొద్దుగాల రోడ్డు మీద నిలవడి ఫోన్ మాట్లాడుతుంటే జీపు వచ్చింది. పట్టుకపోయిండ్రు. మేం షెడ్లల్ల నుంచి చూసినం. ఉరుకు అక్కా అని చెయ్యి ఊపినం గూడ. ఉరకలే."

వెంకటమ్మ అక్కడే నేల మీద కూలబడింది.

స్వాతి వాళ్ల నాన్న వచ్చి దూరంగా నిలబడి అంతా విన్నాడు. నేను ఫోన్ ఎత్తిన సంగతి వాళ్లమ్మ చెప్పే ఉంటుంది. తిడతాడనుకున్నాను. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం, "అక్కను యాడ పెట్టినారో మా బండి సూపర్‌వైజర్‌ను అడిగి చూస్తా" అన్నాడు. కార్డు మాట ఎత్తలేదు.

నవంబర్ 4, మంగళవారం

పల్లెలో అత్త ఇంటికి ఎవరో వచ్చి బియ్యం కార్డు అడిగి చూసుకుని వెళ్లారట. ఏమీ చెప్పలేదట. అత్త భయపడలేదు. ఎవరొచ్చినా ఇప్పుడు అడగకముందే చెబుతోందట, మా కోడలు కువైట్లో ఉండాది అని. పాలవాడికి కూడా చెప్పిందట. ఇన్నాళ్లు నోట్లో దాచుకున్నది ఒక్కసారిగా బయటపడింది ముసలమ్మకు.

మేడంను అడిగాను, డబ్బు సంగతి. పై ఆఫీసుకు పోయిందట. వీడియోలో చెప్పింది చెల్లుతుందని ఒకరు, చెల్లదని ఒకరు అంటున్నారట. గదులు అలాగే ఉన్నాయి. బీట పెద్దదవుతోందని పిల్లల్ని వరండాలోనే కూర్చోబెడుతోందట.

నవంబర్ 6, గురువారం

ఆయన సూపర్‌వైజర్ ద్వారా కనుక్కున్నాడు. లోపలే ఉంది. వేలిముద్రలు తీసుకున్నారట. ఇక కువైట్ లేదు ఆమెకు.

నవంబర్ 8, శనివారం

తెలియని నంబరు. బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను, ఎత్తాను.

"జయా, నేనమ్మే."

"అక్కా. యాడుండావక్కా. తిన్యావా."

"తిన్యాలే. ఒక్క నిమిషమే ఇచ్చినారు. సోమవారం విమానం ఎక్కిస్తారంట. మద్రాసు దాకా."

"ఆ జీపు చూసి ఉరకొచ్చు గదా అక్కా. వాళ్లు చెయ్యి ఊపినారంట గదా."

"చూసినా. దూరాన్నుంచే చూసినా. ఆ సారు అప్పుడే నా పేరు రాసుకుంటాండాడు. మధ్యలో పెట్టేస్తే కవిత లెక్కలోకి రాదు గదా." ఊపిరి పీల్చుకుంది. "గట్టిగానే చెప్పినా. గొణగలా."

ఇస్త్రీ పెట్టె బాబా చొక్కా మీదే ఉంచాను, వాసన వచ్చాక తీశాను.

"అదంతా వదిలెయ్. బడికి డబ్బు వచ్చినాదా?"

ఆ గొంతులో అంత ఆశ. పోగొట్టుకున్నదాని గురించి ఒక్క మాట అడగలేదు — జీతం బాకీ, తోటలో వదిలేసిన గుడ్డలు, ఏదీ. ఇదొక్కటే. ఇంకా రాలేదక్కా, చెల్లుతుందో లేదో కూడా తెలీదక్కా అని చెప్పాలి. నోరు తెరిచాను.

"వచ్చిందక్కా" అన్నాను. "గదులు పడగొట్టి కొత్తవి మొదలు పెట్టినారు."

"అయితే సరేమ్మే" అంది. "అయితే సరే." కట్ అయింది.

నవంబర్ 9, ఆదివారం

పొద్దున్నుంచి మేడంకు ఫోన్ చేస్తున్నాను. ఎత్తడం లేదు. ఆదివారం కదా, బడి ఉండదు.

ఎత్తినా ఏమని అడుగుతాను. రెండు రోజుల్లో రెండు గదులు లేపమనా.

అత్తకు చెప్పాను, రెడ్డెమ్మక్క వస్తోంది, బస్సు దగ్గరికి కవితను పంపండి అని. స్వాతి కూడా వెళ్తానంటోందట. ఇన్నేళ్ల తరువాత కూతుర్ని చూస్తుంది, ఆ సంతోషంలో ఇంకేదీ కంటికి కనబడదేమో... కనబడుతుంది. అక్క సంగతి నాకు తెలుసు.

బస్సు దిగి ఇంటికి పోవాలంటే బడి ముందు నుంచే నడవాలి. కొండవార ఇంకో దారి ఉండేది, ప్లేట్లు వేసినప్పుడు కంచె కట్టి మూసేశారు.